చేసిన, చేసే, చేసి: ధాతుజ విశేషణంలో ఒక నైతిక ప్రశ్న

ఉపోద్ఘాతం

మనిషిని అతడు గతంలో చేసిన పనితో గుర్తించడం అన్ని భాషలలోనూ ఉన్నది. 'బావి తవ్వించిన ఆయన', 'పిల్లలను చదివించిన తల్లి', 'దొంగతనం చేసిన పిల్లవాడు' అని నిత్యం అంటూనే ఉంటాం. ఇటువంటి పదబంధాలలో క్రియ నామానికి విశేషణమై నిలుస్తుంది. పని ఎప్పుడో ముగిసింది. ఆ పనితో వచ్చిన గుర్తు మాత్రం మనిషిని ఇప్పటికీ అంటిపెట్టుకొని ఉన్నది. ముగిసిన పనికీ ఇప్పటి మనిషికీ మధ్య ఈ ముడి ఎంతకాలం నిలవాలి? దానిని విప్పే అధికారం ఎవరిది? ఈ ప్రశ్నలు నీతిశాస్త్రానికి చెందినవిగా కనిపిస్తాయి. కాని మనం ఆ ముడి వేసేది వ్యాకరణంతో. అందువల్ల వ్యాకరణం ఏమి చెప్పగలదో, ఏమి చెప్పలేదో ముందుగా తెలుసుకోవలసి ఉన్నది.

ఇంగ్లీషులో నామం తరువాత వచ్చే సంబంధవాక్యంలో 'హ్యాజ్', 'హ్యావ్' చేర్చి చెప్పే పర్‌ఫెక్ట్ రూపం ఒకటున్నది. తెలుగులో దానికి సూటిగా సరిపోయే రూపం లేదు. 'చేసిన' అనే ఒక్క రూపమే రెండు మూడు అర్థాలను మోస్తుంది. ఇది తెలుగుకు లోటని కొందరు భావిస్తారు. అది లోటు కాదనీ, గతాన్ని మనిషికి అంటగట్టే పనిలో తెలుగు వాక్యం వక్తమీద ఒక ప్రత్యేకమైన బాధ్యతను ఉంచుతున్నదనీ ఈ వ్యాసంలో ప్రతిపాదిస్తున్నాను. ఉదాహరణలను ప్రధానంగా సుల్తానాబాద్, పెద్దపల్లి, కరీంనగర్ ప్రాంతాల వ్యవహారం నుంచి తీసుకున్నాను.

ఇంగ్లీషు పర్‌ఫెక్ట్ చేసే పని

'ద మ్యాన్ హూ స్టోల్', 'ద మ్యాన్ హూ హ్యాజ్ స్టోలెన్' అనే రెండు పదబంధాలనూ తెలుగులో 'దొంగిలించిన మనిషి' అనే అంటాం. ఇంగ్లీషు మాట్లాడేవారికి ఇవి రెండూ ఒకటి కావు. మొదటిది గతంలో ఒక సమయాన జరిగిన పనిని చెబుతుంది. రెండవది ఆ పని ఇప్పటి మనిషిలో ఏదో ఒక విధంగా నిలిచి ఉన్నదని చెబుతుంది. డేనిష్ భాషావేత్త ఒట్టో యెస్పర్సెన్ పర్‌ఫెక్ట్‌ను వర్తమానానికి చెందిన రూపంగానే పరిగణించాడు. హాన్స్ రైషెన్‌బాఖ్ 1947లో వెలువడిన తన తర్కశాస్త్ర గ్రంథంలో కాలాన్ని మూడు బిందువులుగా విడదీశాడు: మాట్లాడే క్షణం, పని జరిగిన క్షణం, వక్త నిలబడి చూస్తున్న క్షణం. సామాన్య భూతకాలంలో వక్త చూపు పని జరిగిన క్షణంలోనే నిలుస్తుంది. పర్‌ఫెక్ట్‌లో వక్త ఇప్పటి క్షణంలో నిలబడి వెనుకకు చూస్తాడు.

బెర్నార్డ్ కామ్రీ 1976లో పర్‌ఫెక్ట్ ప్రయోజనాలను నాలుగుగా వర్గీకరించాడు. పని ఫలితం ఇంకా నిలిచి ఉండడం మొదటిది. జీవితంలో ఒకసారైనా ఆ అనుభవం కలగడం రెండవది. గతంలో మొదలైన స్థితి ఇప్పటికీ కొనసాగడం మూడవది. పని ఇప్పుడిప్పుడే జరగడం నాలుగవది. నాలుగింటికీ ఉమ్మడి లక్షణం వర్తమానంతో సంబంధం.

ఈ రూపానికి రెండు నియమాలున్నవి. నీతి విచారణకు అవి రెండూ ముఖ్యమైనవి. మొదటిది, 'హ్యాజ్'తో కూడిన పర్‌ఫెక్ట్ పక్కన 'నిన్న', '2003లో' వంటి నిర్దిష్ట కాలవాచకం నిలవదు. రెండవది, ఈ రూపం సాధారణంగా జీవించి ఉన్న కర్తను కోరుకుంటుంది. ఐన్‌స్టీన్ మరణించిన తరువాత ఆయన ప్రిన్స్‌టన్‌ను సందర్శించాడని పర్‌ఫెక్ట్‌లో చెబితే వినడానికి ఎబ్బెట్టుగా ఉంటుందనే ఉదాహరణ భాషాశాస్త్రంలో ప్రసిద్ధం. అంటే ఇంగ్లీషు పర్‌ఫెక్ట్ చేసిన పనిని బతికి ఉన్న మనిషికి గుణంగా ఇస్తుంది. ఇచ్చేటప్పుడు పని జరిగిన తేదీని మాత్రం వెంట రానీయదు. 'హ్యావ్' మొదట 'కలిగి ఉండు' అనే అర్థం గల క్రియ. పర్‌ఫెక్ట్ రూపం ఆ అర్థంలోంచే పుట్టింది. చేసిన పనిని మనిషి ఆస్తిగా చూసే దృష్టి దాని పుట్టుకలోనే ఉన్నది.

తెలుగులో 'ఇన'

చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) క్రియా పరిచ్ఛేదంలో ధాతుజ విశేషణాలను నిరూపించింది. వండుచున్న, వండిన, వండఁగల, వండెడు అనే రూపాలు వరుసగా వర్తమాన, భూత, భవిష్యత్, తద్ధర్మార్థాలను తెలుపుతాయి. ఇవి కాక 'వండని' అనే వ్యతిరేక రూపం ఉన్నది. 1856లో ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణాన్ని ప్రకటించిన కాల్డ్వెల్ కూడా ఈ విశేషణాలను ప్రత్యేకంగా చర్చించాడు. ఇంగ్లీషులో 'హూ', 'విచ్' వంటి సంబంధ సర్వనామాలు చేసే పనిని మన భాషలో క్రియారూపమే చేస్తుంది. వాక్యమంతా నామానికి ముందు చేరుతుంది.

భూతార్థకమైన 'ఇన' రూపం పరిధి చాలా విశాలమైనది. 'నిన్న విరిగిన కొమ్మ' అన్నప్పుడు అది కేవలం గతం. 'విరిగిన కొమ్మను పక్కకు జరుపు' అన్నప్పుడు ఇప్పటి స్థితి. 'కూర్చున్న మనిషి' అంటే ఇప్పుడు కూర్చొనే ఉన్నాడు. 'తెలిసిన మనిషి' అంటే ఎప్పుడో తెలిసి ఊరుకున్నవాడు కాడు, ఈనాటికీ పరిచయం ఉన్నవాడు. 'చదివిన పిల్ల' అంటే ఏమి చదివిందని అడుగుతాం. 'చదువుకున్న పిల్ల' అంటే ఆ ప్రశ్న రాదు, ఎందుకంటే అది ఆమె శాశ్వత గుణమయింది. 'ఈ చెరువు తవ్వించిన రాజు' అనడానికి రాజు బతికి ఉండనక్కరలేదు, చెరువు ఉంటే చాలు.

ఇంగ్లీషులో రెండు రూపాలు పంచుకునే పనిని తెలుగులో ఒక్క 'ఇన' చేస్తున్నదనీ, ఫలితం ఇప్పుడు నిలిచి ఉన్నదా లేదా అనే విషయాన్ని ఆ ప్రత్యయం తేల్చడం లేదనీ దీనివల్ల స్పష్టమవుతుంది. ధాతువు స్వభావం కొంత తేలుస్తుంది. ఇప్పటివరకు, ఇంతకు ముందు, ఎప్పుడో వంటి మాటలు కొంత తేలుస్తాయి. మిగిలినదంతా వక్త ఉద్దేశానికీ శ్రోత జ్ఞానానికీ విడిచిపెట్టబడింది. దస్తావేజుల భాషలోనూ పాఠ్యపుస్తకాల అనువాదాలలోనూ కనిపించే 'చేసియున్న' అనే రూపం ఈ ఖాళీని పూరించడానికి వాడబడుతున్నది. కాని మాట్లాడే తెలుగు ఆ అర్థంలో దానిని పెద్దగా స్వీకరించలేదు.

తడిసిన వడ్లు

ఈ ఖాళీ వల్ల కలిగే పరిణామం ఎటువంటిదో గ్రహించడానికి వడ్ల కల్లం మంచి ఉదాహరణ. సుల్తానాబాద్ రైస్ మిల్లులకు పేరు పడిన పట్టణం. చుట్టుపక్కల గ్రామాలలో యాసంగి కోతల వేళకు అకాల వర్షం పడితే కల్లాలలో, కొనుగోలు కేంద్రాలలో పోసిన వడ్లు తడుస్తాయి. అప్పుడు 'తడిసిన వడ్లు' అనే మాట అందరి నోటా వినబడుతుంది. రైతు ఆ వడ్లను ఎండలో నేర్పి, కాళ్లతో తిరగేసి ఆరబెడతాడు. రెండు మూడు రోజుల ఎండకు అవి ఆరుతాయి. అవి ఇప్పుడు తడిసిన వడ్లా, ఆరిన వడ్లా?

రైతుకు అవి ఆరిన వడ్లు. కొనేవాడికి తడిసిన వడ్లు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. 'తడిసిన' అనే రూపం ఇద్దరికీ వ్యాకరణ సమ్మతి ఇస్తున్నది. ఒకరు దానిని జరిగి ముగిసిన సంఘటనగా అర్థం చేసుకుంటున్నారు, మరొకరు ఇప్పటి గుణంగా అర్థం చేసుకుంటున్నారు. తరుగు ఎంత తీయాలనే బేరమంతా ఈ రెండు అర్థాల మధ్యనే జరుగుతుంది. ఈ వివాదాన్ని తీర్చడానికి తేమను కొలిచే యంత్రం ఉన్నది. పదిహేడు శాతం లోపు తేమ ఉంటే ప్రభుత్వ ప్రమాణం ప్రకారం ఆ వడ్లను తీసుకోవచ్చు. అవి ఒకప్పుడు తడిశాయా లేదా అనేది అప్పుడు ప్రశ్న కాదు.

అన్ని గతాలూ ఒకటి కావని కూడా వడ్లు చెబుతాయి. తడిసినవి ఆరుతాయి. మొలకెత్తినవి మళ్లీ వడ్లు కావు. ఉప్పుడు బియ్యం కోసం మిల్లులో ఉడికించిన వడ్లు ఇక విత్తనానికి పనికిరావు. 'తడిసిన', 'మొలకెత్తిన', 'ఉడికిన' అనే మూడింటికీ ప్రత్యయం ఒకటే, ఫలితాల ఆయుర్దాయం మాత్రం వేరు. మనిషి చేసిన పనుల విషయంలో కూడా ఈ భేదం ఉన్నది. కాని మనిషిలో గతం ఎంత శాతం మిగిలి ఉన్నదో చూపే యంత్రం లేదు. 'చేసిన' అన్నప్పుడు ఆ కొలత కొలిచేది మాట్లాడేవాడే.

భూతార్థకం నుంచి తద్ధర్మార్థకానికి

సూరి చెప్పిన నాలుగు అర్థాలలో తద్ధర్మార్థకం విశిష్టమైనది. 'వండెడువాడు' అంటే ఒకనాడు వండినవాడు కాడు, ఇప్పుడే వండుతున్నవాడూ కాడు. వండడం తన ధర్మంగా, అలవాటుగా ఉన్నవాడు. ఈ భావనకు మూలం సంస్కృత వ్యాకరణంలో ఉన్నది. పాణిని అష్టాధ్యాయి మూడవ అధ్యాయంలో కొన్ని కర్త్రర్థక ప్రత్యయాలను ఆ పని శీలంగా గలవాడు, అది ధర్మంగా గలవాడు, దానిని చక్కగా చేసేవాడు అనే అర్థాలలో విధించాడు. జరిగి ముగిసిన పనిని తెలిపే ప్రత్యయాలకు అతడు 'నిష్ఠ' అనే వేరు సంజ్ఞ ఇచ్చాడు. చేసినవాడు వేరు, చేయడం శీలమైనవాడు వేరు అన్న వివేకం మన వ్యాకరణ సంప్రదాయానికి మొదటినుంచీ ఉన్నదన్నమాట.

కరీంనగర్ ప్రాంత వ్యవహారంలో ఈ వివేకం నేటికీ సజీవంగా ఉన్నది. 'తాగినోడు' అంటే తాగి ఉన్నవాడు, లేదా ఆ రోజు తాగినవాడు. 'తాగెటోడు' అంటే తాగే అలవాటున్నవాడు. 'తాగుబోతు' అంటే ఇక మనిషికి మరో పేరు లేదు. 'తాగినోడా, తాగెటోడా?' అని పెళ్లి సంబంధం వెతికేవారు విచారిస్తారు. ఆ ప్రశ్న అడగడంలో న్యాయబుద్ధి ఉన్నది. ఒకనాటి పండుగ పూట తాగినవాడిని అలవాటున్నవాడితో కలపరాదన్న జాగ్రత్త అందులో ఉన్నది.

అన్యాయం జరిగేది ఈ మెట్ల మీదనే. 'దొంగతనం చేసినోడు' కొన్నాళ్లకు 'దొంగతనం చేసెటోడు' అవుతాడు, ఆ తరువాత 'దొంగ' అవుతాడు. ఈ మార్పుకు అతడు రెండవసారి దొంగతనం చేయనక్కరలేదు, చెప్పేవారు రెండవసారి చెబితే చాలు. ప్రతి మెట్టు దగ్గర వాక్యం చిన్నదవుతుంది. 'పోయిన కరువు కాలంలో పిల్లల ఆకలి చూడలేక పక్క చేనులో రెండు కంకులు తెంపినవాడు' అన్న పదబంధంలో కాలం, కారణం, స్థలం, కర్మ, పరిమాణం అన్నీ ఉన్నవి. ధాతుజ విశేషణం క్రియ గనుక కారకాలన్నిటికీ అందులో చోటున్నది. 'దొంగ' అన్న నామంలో వాటికి చోటు లేదు. నిందను తూచడానికి కావలసిన సమాచారమంతా కారకాలలో ఉంటుంది. పేరు మాత్రమే మిగిలినప్పుడు ఇక తూచడానికి ఏమీ ఉండదు.

నేర విచారణ చట్టం ఈ జారుడును అరికట్టే ప్రయత్నం చేసింది. 1872 నాటి భారత సాక్ష్య చట్టం 54వ సెక్షన్ ప్రకారం, నిందితుడు తన సత్‌ప్రవర్తనను సాక్ష్యంగా చూపితే తప్ప, అతని దుష్‌ప్రవర్తన విచారణకు ప్రాసంగికం కాదు. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఆ సూత్రం కొనసాగుతున్నది. 'ఈ పని చేసినవాడా' అన్నదే న్యాయస్థానం ముందున్న ప్రశ్న, 'ఇటువంటివి చేసేవాడా' అన్నది కాదు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం రెండేళ్లు లేదా అంతకు మించిన శిక్ష పడినవారిని, విడుదలైన నాటి నుంచి మరో ఆరేళ్ల వరకు మాత్రమే ఎన్నికలకు అనర్హులను చేస్తుంది. 'శిక్ష పడిన' అన్న విశేషణానికి అక్కడ ఒక ముగింపు తేదీ ఉన్నది. 1958 నాటి నేరస్థుల ప్రొబేషన్ చట్టం కూడా, ఆ చట్టం కింద విడుదలైనవారికి శిక్ష వల్ల కలిగే అనర్హతలు అంటకుండా కాపాడుతుంది.

అయితే దీనికి పూర్తి విరుద్ధమైన చట్టం కూడా ఈ దేశంలో ఉండేది. 1871లో వలస ప్రభుత్వం చేసిన నేరస్థ జాతుల చట్టం కొన్ని జాతులనే నేరం చేసేవిగా ప్రకటించడానికి అధికారమిచ్చింది. తెలుగు ప్రాంతాలలో ఎరుకలవారు మొదలైనవారు కాలక్రమంలో దాని పరిధిలోకి తేబడ్డారు. పుట్టిన బిడ్డ ఏ పనీ చేయకముందే 'చేసెడు' జాతికి చెందినదయింది. భూతార్థకం లేకుండానే తద్ధర్మార్థకం అంటగట్టబడింది. వ్యాకరణంలో అర్థం లేని ఈ పనిని చట్టం ఎనభై ఏళ్లు చేసింది. 1952లో ఆ చట్టం రద్దయిన తరువాత ఆ జాతులను 'విముక్త జాతులు' అన్నారు. 'విముక్త' అన్నది కూడా నిష్ఠా ప్రత్యయాంతమే, విడిపించబడిన అని అర్థం. దేని నుంచి విడిపించబడ్డారో ఆ పేరు ప్రతిసారీ గుర్తుచేస్తుంది. చేయని తప్పుకు పడిన మచ్చను తొలగించిన మాట కూడా ఆ మచ్చ ఆనవాలునే మోస్తున్నది.

'చేయని' అనే వ్యతిరేక రూపానికి కాలభేదం లేదన్న సంగతిని ఇక్కడ గమనించాలి. నిన్న చేయని, నేడు చేయని, రేపు చేయని అన్నింటికీ అదే రూపం. తెలుగులో నిర్దోషిత్వానికి కాలపరిమితి లేదని చెప్పుకోవచ్చు. కాని సంఘం ఆ రూపాన్ని ఎంత అరుదుగా వాడుతుందో విముక్త జాతుల చరిత్ర చెబుతున్నది.

ఒక ఆక్షేపం: నష్టపోయినవారి పక్షం

ఇంతవరకు చెప్పినదంతా తప్పు చేసినవాడి పక్షాన చేసిన వాదంగా తోచవచ్చు. గతాన్ని గతంగా ఉంచమనడం నష్టపోయినవారికి అన్యాయం కాదా? కొడుకును పోగొట్టుకున్న తల్లికి 'నా కొడుకును చంపినోడు' అన్నది ఎన్నేళ్లు గడిచినా గడిచిన విషయం కాదు. ఆమె విషయంలో ఫలితం ఉడికిన వడ్ల వంటిది, మళ్లీ వెనుకకు రాదు. ఆమెను ఆ మాట మానమనే అధికారం ఎవరికీ లేదు.

ఈ ఆక్షేపం బలమైనదే. అయితే ఆమె వాడిన రూపాన్ని పరిశీలించాలి. 'నా కొడుకును చంపినోడు' అన్న మాటలో కర్మ ఉన్నది, సంబంధం ఉన్నది, చెప్పే గొంతు ఉన్నది. ఆ మాట సత్యమైనది, సత్యంగానే ఉంటుంది. దానిని 'హంతకుడు' అన్న ఒక్క మాటగా కుదించి ఊరంతా వాడినప్పుడు ఆమె కొడుకు కూడా ఆ మాటలోంచి జారిపోతాడు. ఎవరిని చంపాడన్నది పోయి ఎటువంటివాడన్నది మాత్రమే మిగులుతుంది. కారకాలను నిలిపి ఉంచడం చేసినవాడికి ఎంత అవసరమో నష్టపోయినవారికీ అంతే అవసరం.

నష్టపోయినవారి విషయంలో భయపడవలసిన జారుడు మరో దిక్కున ఉన్నది. గోదావరి మీద శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు కట్టినప్పుడు భూములూ ఇళ్లూ కోల్పోయినవారిని 'నిర్వాసితులు' అంటున్నాం. 'భూమి కోల్పోయిన రైతు' అన్నప్పుడు ఎవరి భూమి, ఎంత, ఎప్పుడు అన్న ప్రశ్నలకు చోటుంటుంది. 'నిర్వాసితుడు' అన్నప్పుడు అది దస్త్రంలో ఒక వర్గం పేరు మాత్రమే. దస్త్రం ఆ వర్గాన్ని మూసివేసిన నాడు 'కోల్పోయిన' అన్నది కేవలం గతమవుతుంది. కాని 'మునిగిన ఊరు' అన్న మాటకు గతం మాత్రమే అర్థం కాదు, ఊరు ఈనాటికీ నీటి అడుగునే ఉన్నది. తప్పు చేసినవాడి గతాన్ని సంఘం అతని శీలంగా మార్చి వర్తమానంలో నిలుపుతుంది. నష్టపోయినవాడి వర్తమానాన్ని గతంగా మార్చి మరిచిపోతుంది. ఒకే ప్రత్యయాన్ని బలహీనుల మీద రెండు విధాలా వాడుకోవడం సాధ్యమవుతున్నది.

క్త్వార్థకం చూపే దారి

మరి గతాన్ని చెరపకుండా, శీలంగా మార్చకుండా ఎలా చెప్పాలి? ఇంగ్లీషులో 'హ్యాజ్ గాన్ టు దుబాయ్' అంటే దుబాయికి వెళ్లాడు, ఇంకా అక్కడే ఉన్నాడు. 'హ్యాజ్ బీన్ టు దుబాయ్' అంటే వెళ్లి తిరిగి వచ్చాడు. గల్ఫ్ వలసలు ఎక్కువగా ఉన్న కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాలకు ఈ భేదం నిత్యజీవితంలో అవసరమైనది. ఇక్కడివారు 'దుబాయి పోయినోడు', 'దుబాయి పోయచ్చినోడు' అంటారు. ఇంగ్లీషు సహాయక క్రియల మార్పుతో సాధించిన దానిని తెలుగు మరొక పనిని చేర్చి సాధించింది. 'పోయిన' అన్నది 'పోయి' అయింది, 'వచ్చిన' అన్నది దాని తరువాత చేరింది.

ఇక్కడ క్త్వార్థకం పాత్ర విచారింపదగినది. క్రియలు గొలుసుగా వచ్చినప్పుడు ముందటి పనులన్నీ 'చేసి' అనే అసమాపక రూపంలో ఉంటాయి. చివరి పని మాత్రమే విశేషణమై నామాన్ని తాకుతుంది. 'తప్పు చేసి, ఒప్పుకొని, నష్టం తీర్చిన మనిషి' అన్నప్పుడు తప్పు మాయం కాలేదు, వాక్యంలోనే ఉన్నది. కాని మనిషి పక్కన నిలిచినది అది కాదు, నష్టం తీర్చడం. గతం చెరిగిపోలేదు, ముగింపు స్థానాన్ని మాత్రం కోల్పోయింది. తెలుగులో గతం తన పట్టు వదిలేది కాలం గడిచినందువల్ల కాదు, తరువాత మరొక పని జరిగినందువల్ల.

1910లో వెలువడిన గురజాడ అప్పారావు కథ 'దిద్దుబాటు' ఈ సూత్రానికి సాహిత్య నిదర్శనం. కథలోని గోపాలరావు రాత్రివేళ సానుల పాటకు వెళ్లి ఆలస్యంగా ఇల్లు చేరడానికి అలవాటుపడినవాడు, అంటే తద్ధర్మార్థకంలో ఉన్నవాడు. భార్య కమలిని అతనికి ఆ రాత్రి నేర్పిన పాఠం వల్ల 'వెళ్లేవాడు' 'వెళ్లినవాడు'గా మారే అవకాశం కలిగింది. కథ పేరు అతని తప్పును చెప్పదు, తప్పు తరువాతి పనిని చెబుతుంది. రాచకొండ విశ్వనాథశాస్త్రి 'ఆరు సారా కథలు' దీని రెండవ ముఖాన్ని చూపుతాయి. మద్యనిషేధ చట్టం చుట్టూ అల్లుకున్న లోకంలో చిక్కుకున్నవారికి తరువాతి పని చేసే వీలు దొరకడం ఎంత కష్టమో ఆ కథలు చెబుతాయి. గొలుసులో తరువాతి క్రియను చేర్చవలసినవాడు కర్త. దానికి చోటివ్వవలసినది సంఘం.

ఉత్తర తెలంగాణ అనుభవంలో దీనికి తీవ్రమైన ఉదాహరణ ఉన్నది. 1978లో జగిత్యాల జైత్రయాత్ర తరువాత, అదే సంవత్సరం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. అప్పటినుంచి కొన్ని దశాబ్దాలపాటు ఇక్కడి పల్లెలలో అడవికి పోయినవారు, పోయి తిరిగి వచ్చినవారు ఉన్నారు. తిరిగి వచ్చిన మనిషికి పత్రికలలోనూ దస్త్రాలలోనూ పడే పేరు 'లొంగిపోయిన నక్సలైటు'. ఇందులో తరువాతి పని చెప్పబడింది నిజమే. కాని పదబంధం అక్కడే ఆగిపోయింది. ఆ తరువాత అతడు వ్యవసాయం చేశాడు, పిల్లలను చదివించాడు, ముసలితనంలో తల్లిని చూసుకున్నాడు. ఇరవై ఏళ్ల తరువాత కూడా 'లొంగిపోయిన' అన్న విశేషణమే అతని పేరు ముందు నిలిస్తే, గొలుసును తెంచినది అతడు కాదు, పేరు పెట్టిన మనం.

అయితే ఈ సూత్రానికి ఒక హద్దు ఉన్నది. తరువాతి క్రియను చేయకుండానే చేసినట్లు చెప్పడం కుదరదు. 'నష్టపోయి పరిహారం పొందిన కుటుంబం' అని రాయాలంటే పరిహారం చేతికి అంది ఉండాలి. 'తప్పు చేసి దిద్దుకున్న అధికారి' అనాలంటే దిద్దుబాటు కనబడాలి. బలవంతుల విషయంలో సంఘం ఈ రెండవ క్రియను తొందరపడి చేరుస్తుంది. బలహీనుల విషయంలో దానిని ఎంతకూ చేర్చదు. వాక్య నిర్మాణంలో కనబడే ఈ పక్షపాతం నీతిలోని పక్షపాతానికి ఆనవాలు.

ముగింపు

ఇంగ్లీషు పర్‌ఫెక్ట్‌కు తెలుగులో సమానరూపం లేకపోవడాన్ని ఈ చర్చ వెలుగులో మళ్లీ చూడవచ్చు. ఇంగ్లీషు వక్త గతం వర్తమానంలో నిలిచి ఉన్నదా లేదా అన్న నిర్ణయాన్ని రూపంలోనే ప్రకటించవలసి వస్తుంది. ఆ ప్రకటనలో స్పష్టత ఉన్నది, దాచుకోవడానికి వీలు తక్కువ. కాని పర్‌ఫెక్ట్‌ను ఎంచుకున్న క్షణాన తేదీ వాక్యంలోంచి తప్పుకుంటుంది. తెలుగు వక్తకు ఆ స్పష్టత లేదు. 'చేసిన' అని అతడు రెండు అర్థాల మధ్య దాక్కోగలడు. కాని తేదీ, స్థలం, కారణం, కర్మ అన్నిటినీ ఆ విశేషణంతోపాటే చెప్పే వీలు అతనికి ఉన్నది. ఆ వీలును వాడుకున్నాడా, వదులుకున్నాడా అన్నదాన్నిబట్టి అతని మాటలోని న్యాయాన్ని నిర్ణయించవచ్చు.

దీనినుంచి మూడు నియమాలు తేలుతున్నవి. ఒకరి గతాన్ని చెప్పేటప్పుడు కారకాలతో చెప్పాలి, వాటిని విడిచిన నామంతో కాదు. పని పునరావృతమైనదని తెలియకుండా భూతార్థకాన్ని తద్ధర్మార్థకంగా మార్చరాదు. కర్త తరువాత చేసిన పని ఉంటే దానిని వాక్యంలో చేర్చాలి, లేనిదానిని చేర్చరాదు. ఈ మూడూ వ్యాకరణ నియమాలు కావు. వీటిని మీరినా వాక్యం శుద్ధంగానే ఉంటుంది. బహుశా అందువల్లనే వీటిని మీరడం అంత సులభంగా జరుగుతున్నది.

పత్రికా రచనలో, పోలీసు దస్త్రాలలో, పంచాయితీ తీర్పులలో, ఇళ్లలో పిల్లలను మందలించే మాటలలో 'చేసిన', 'చేసే', 'చేసి' అనే రూపాలు ఎలా మారుతున్నవో విస్తృతంగా సేకరించి పరిశీలించవలసిన అవసరం ఉన్నది. ముఖ్యంగా పిల్లల విషయంలో ఈ పరిశీలన తొందరగా జరగాలి. 'అబద్ధం చెప్పినవ్' అన్న మాటకు పిల్లవాడు జవాబు చెప్పగలడు, ఏది అబద్ధమో అడగగలడు, దిద్దుకోగలడు. 'నువ్వు అబద్ధాలు చెప్పెటోనివి' అన్న మాటకు అతని దగ్గర జవాబు ఉండదు.